అడుగున దారం ఉండ కడితే తప్పు పైన వెతకండి

ప్రశ్న: మా వీధిలో వాళ్లు ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే పాత నల్ల కుట్టుమిషన్ ఒకటి 2,500కి కొన్నానండీ. కాలితో తొక్కేది. పుస్తకం లేదు, వాళ్లకీ కుట్టడం రాదు. తొక్కితే చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతోంది, గుడ్డ అడుగున దారం ఉండ కట్టేస్తోంది. మిషన్ పాడైందేమో, ఇనప సామాన్లకు వేసెయ్యమంటున్నారు మావారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, దయచేసి వెయ్యకండి. మీరు చెప్పినదాన్నిబట్టి మిషన్‌లో లోపం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. ఒంగోలులో మా అత్త మిషన్ మీద నేర్చుకునేటప్పుడు నాకూ ఇదే ఉండ, పది రోజులు ఏడిపించింది.

ముందు కాళ్లకి అలవాటు చెయ్యండి. దారం తీసేసి, గుడ్డని నొక్కి పట్టే పాదం పైకెత్తి, ఊరికే తొక్కండి. చక్రం పైభాగం ఎప్పుడూ మీ వైపుకే రావాలి, అందుకని మొదటి తిప్పు చేత్తో తిప్పి ఆ ఊపులోనే కాళ్లు కలపండి, రెండు మూడు రోజులు రోజూ పావుగంట ఇదే చేస్తే వెనక్కి తిరగడం దానంతటదే పోతుంది. తర్వాత దారం లేకుండానే పిల్లల పాత రూళ్ల నోటుపుస్తకం కాగితం పెట్టి గీత మీద కుట్టండి. ఆ సూది మొద్దుబారుతుంది, దాన్ని కాగితాలకే ఉంచుకుని గుడ్డకి కొత్తది వెయ్యండి, మామూలు నూలు గుడ్డకి 14 నంబరు సరిపోతుంది.

సూది ఎటు తిప్పి పెట్టాలో కూడా సూదే చెబుతుంది. పైన మందంగా ఉన్నచోట ఒక వైపు చదునుగా ఉంటుంది, దానికి ఎదురు వైపు గోటితో రాస్తే పొడుగ్గా ఒక గాడి తగులుతుంది. దారం ఎక్కించాల్సింది ఆ గాడి వైపు నుంచే. మీరు చెప్పే నల్ల మిషన్లలో చాలావాటికి చదును వైపు కుడికి, అంటే చక్రం వైపుకి ఉంటుంది, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కుతుంది. సూదికి కాస్త పైన దారం పట్టే చిన్న కొక్కెం ఎటు ఉందో చూసుకోండి, అనుమానం తీరిపోతుంది.

ఇక ఉండ సంగతి. అడుగున కనిపిస్తుంది కాబట్టి అందరం అడుగు దారం చుట్టి ఉండే బాబిన్‌నే తిడతాం, కానీ పై దారం బిగువుగా లేకపోతే అది కిందికి జారిపోయి అక్కడే పోగవుతుంది. పక్కపక్కన నొక్కుకుని ఉండే రెండు గుండ్రటి రేకులు ఉంటాయి చూడండి, దారం వాటి మధ్యకి దిగాలి. పాదం దించి ఉంటే ఆ రేకులు మూసుకుపోయి దారం పైపైనే ఉండిపోతుంది, నేను పది రోజులు చేసిన తప్పు ఇదే. పాదం ఎత్తి దారం వెయ్యండి, అక్కణ్నుంచి పక్కనున్న సన్న స్ప్రింగుకి తగిలించి, మిషన్ ముందు పైకీ కిందికీ ఆడే మీట కన్నంలోంచి తెచ్చి సూదికి ఎక్కించండి. ఇప్పుడు పాదం దించి దారం లాగితే చేతికి బిగువు తెలియాలి.

బాబిన్‌ని దాని డబ్బీలో పెట్టాక దారం కొస పట్టుకుని వేలాడదియ్యండి. దానంతటది జారకూడదు, చిన్నగా ఒక్కసారి ఎగరేస్తే సాలీడు దిగినట్టు కొంచెం దిగి ఆగాలి. కుట్టడం మొదలుపెట్టేముందు రెండు దారాలూ పాదం కిందుగా వెనక్కి తీసి వేళ్లతో పట్టుకోండి, మొదటి నాలుగు కుట్లు పడేదాకా వదలొద్దు.

నూనె మాత్రం మిషన్ నూనే, ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేశారంటే ఎండి జిగురైపోతుంది. మీది కావలి కదా, సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, పని అయ్యాక తుడిచి మూత వెయ్యడం మర్చిపోకండి. సూది కింది పలక విప్పి, గుడ్డని జరిపే పళ్ల మధ్య పేరుకున్న పీచు పాత బ్రష్‌తో తియ్యండి. తోలు బెల్టు జారుతుంటే అర అంగుళం కోసి మళ్లీ కలపడమే.

బ్లౌజు జోలికి ఇప్పుడే వెళ్లొద్దమ్మా. దిండు గలేబులు నాలుగు కుట్టండి, అన్నీ తిన్నటి కుట్లే. అప్పటికీ ఉండ కడుతుంటే, ఆ కుట్టిన ముక్క రెండు వైపులా ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను.