కరెంటు పోయి వచ్చాక ఇంటి సర్వర్‌లో డిస్క్ మౌంట్ కావట్లేదు, ఎఫ్‌ఎస్‌సీకే నడపమంటారా?

ఇప్పుడే వద్దండీ. మీ 4 టీబీ డిస్క్ మౌంట్ కావట్లేదన్నారు (అంటే సిస్టమ్ దాన్ని తెరిచి ఫైళ్లు చూపించలేకపోతోంది), లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్లు (డిస్క్ చదవడంలో, రాయడంలో వచ్చే తప్పులు) వస్తున్నాయన్నారు, అప్పుడప్పుడూ సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతోందన్నారు. ఇది ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) ఒక్కదానితో పోయేలా లేదు, డిస్కే చెడిపోతున్నట్టుంది. ఎఫ్‌ఎస్‌సీకే (fsck) అంటే ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే కమాండ్, తాను చేసే మార్పులన్నీ ఆ డిస్క్ మీదే రాస్తుంది. సరిగా చదవలేని చోట ఫోల్డర్ల వివరాలు తీసేసినా తీసేస్తుంది, ఆ పైన వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ముందు కాపీ తీయండి. రిపేరు ఏదైనా ఆ కాపీ మీదే చేయండి.

మల్కాజిగిరిలో మా ఇంట్లోనూ మే నెల గాలివానకి ఇలాగే అయింది. పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి, ఫోటోలు దాచే ఇమ్మిచ్ యాప్‌లో ఇంట్లో అందరి ఫోటోలూ, ఫైళ్లు దాచే నెక్స్ట్‌క్లౌడ్‌లో నాన్నగారి పొలం కాగితాల స్కాన్లూ పెట్టుకున్నాం. కరెంటు పోతూ వస్తూ ఉన్న ఆ సాయంత్రం తర్వాత డిస్క్ లేవలేదు.

మొదట శబ్దం వినండి. టక్ టక్‌మని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసేయండి. అది హెడ్ (డేటా చదివే భాగం) సమస్య కావచ్చు, తిరిగేకొద్దీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) మీద గీతలు పడవచ్చు. దానికి క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ ల్యాబే దిక్కు, సాఫ్ట్‌వేర్ పనిచేయదు. మూత తెరిచి చూస్తామనే వాళ్ల చేతికి ఇవ్వకండి. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా కూడా వినకండి, లోపల తేమ చేరుతుంది.

అలాంటి శబ్దం లేకపోతే స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్‌తో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు చూడండి. పైన 'పాస్డ్' అని ఉందని నిశ్చింతగా ఉండొద్దు. 5, 197, 198 నంబర్ల వరుసల్లో చివర ఉన్న సంఖ్య చూడండి. 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్లు). మా డిస్క్‌లో అది చూసిన ప్రతిసారీ పెరుగుతూనే ఉంది. 199 డేటా కేబుల్‌లో వచ్చే తప్పుల లెక్క, అది ఒక్కటే పెరుగుతుంటే మాత్రం ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపేది) మార్చి చూడండి, డిస్క్ బాగానే ఉండి ఉండవచ్చు.

కొత్త డిస్క్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లాను. అక్కడ ఒక షాపులో "ఫార్మాట్ కొట్టి చూద్దాం సార్, పనిచేస్తుంది" అన్నారు. డేటా కావాలనుకునేవాళ్లు ఆ మాటకి అస్సలు ఒప్పుకోకూడదు. పాతదానికన్నా పెద్ద సైజు కొనుక్కోండి, చోటు చాలుతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు. రెండు డిస్కులనీ యూఎస్‌బీ కేసులో కాకుండా నేరుగా మదర్‌బోర్డ్‌కే తగిలించండి, ఎర్రర్లు వచ్చినప్పుడు ఆ కేసులు మధ్యలో వేలాడిపోతుంటాయి.

కాపీకి డీడీరెస్క్యూ (ddrescue) అనే ప్రోగ్రామ్ వాడండి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ (gddrescue). మామూలు కాపీ కమాండ్ చెడ్డ చోట ఇరుక్కుంటుంది. ఇది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, చెడ్డ చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. మొదటి విడత 'మైనస్ ఎన్' (-n) ఆప్షన్‌తో నడపండి, అది పూర్తయ్యాకే 'మైనస్ ఆర్ 3' (-r3)తో చెడ్డ చోట్లని మళ్లీ ప్రయత్నించండి. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, దాన్ని ఈ రెండూ కాని మూడో డిస్క్‌లో పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మొదలవుతుంది, మన ఊళ్లో ఎండాకాలంలో అది చాలా అవసరం. ఎంటర్ కొట్టే ముందు ఏది పాతదో ఏది కొత్తదో స్టిక్కర్ మీది సీరియల్ నంబర్‌తో సరిచూసుకోండి. లినక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు రీబూట్‌తో తారుమారు కావచ్చు.

మా దాంట్లో మొదట సెకనుకి 140 ఎంబీ దాకా పరిగెత్తిన వేగం ఉన్నట్టుండి కేబీల్లోకి పడిపోయేది. గడియారం కదులుతుంది, 'రెస్క్యూడ్' శాతం మాత్రం కదలదు. అలాంటప్పుడు కంగారుపడి ఆపేయాల్సిన పనిలేదు. డిస్క్ వేడెక్కుతుంటే టేబుల్ ఫ్యాన్ నేరుగా దాని మీదికి తిప్పాను. తొలి విడతలోనే 99 శాతం పైగా వచ్చేసింది. మిగతా కొంచెం కోసం రాత్రంతా వదిలేశాను.

కాపీ అయ్యాక పాత డిస్క్ పీకేయండి. రెండింటికీ ఒకే యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు నంబర్) ఉంటుంది కాబట్టి కలిపి బూట్ చేస్తే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే నడపండి, ముందు ఏదీ రాయకుండా పరీక్షించే దాని 'మైనస్ ఎన్' ఆప్షన్‌తో ఏం మారుస్తుందో చూసుకుని. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ప్రధాన వివరాలుండే చోటు) పోయిందంటే 4 కేబీ బ్లాకులున్న డిస్క్‌కి 32768వ బ్లాక్ దగ్గర దాని ఇంకో ప్రతి ఉంటుంది, ఎఫ్‌ఎస్‌సీకేకి 'మైనస్ బీ'తో ఆ నంబర్ ఇవ్వండి. ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో తెలియాలంటే డీడీరెస్క్యూ ఫిల్ మోడ్ ఉంది. కాపీలో చదవలేకపోయిన చోట్ల మనం ఇచ్చిన గుర్తు మాట రాస్తుంది, తర్వాత గ్రెప్ (మాటలు వెతికే కమాండ్)తో ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో వెతకవచ్చు. మాకు అలా అక్క పెళ్లి వీడియో ఒకటి, కొన్ని ఫోటోలు దెబ్బతిన్నాయని తేలింది. ఫోటోలు అక్క ఫోన్‌లో దొరికాయి. వీడియోలో అప్పగింతల దగ్గర కాసేపు బొమ్మ చెదురుతుంది, మాటలు మాత్రం వినిపిస్తాయి. అమ్మకి అంతే చాలు.

ఇమ్మిచ్ లాంటివి డాకర్‌లో (యాప్‌లని కంటైనర్లు అనే విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతుంటే ఇంకో మాట. డిస్క్ మౌంట్ అయిందని కళ్లారా చూశాకే కంటైనర్లు లేపండి. లేకపోతే డేటాబేస్ నడిపే పోస్ట్‌గ్రెస్, డిస్క్ రాని ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే కొత్త డేటాబేస్ మొదలుపెట్టేస్తుంది, పాతదంతా పోయిందని మీరు హడలిపోతారు. ఇకముందు బ్యాకప్‌లో పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కాపీ) కూడా తీసుకోండి. ఫోటోలు ఫైళ్లుగా ఉంటాయి గానీ ఆల్బమ్‌లూ, ముఖాలకు పెట్టిన పేర్లూ డేటాబేస్‌లోనే ఉంటాయి. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే రెయిడ్ 1 పెట్టుకున్నా బ్యాకప్ వేరేగా ఉండాల్సిందే, ఒకచోట డిలీట్ చేస్తే రెండో దాంట్లోనూ పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, లేకపోతే సర్వర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి.

శబ్దం ఎలా ఉందో, 5, 197, 198, 199 ఎంతెంత ఉన్నాయో ఇక్కడ రాయండి. 197 రెండోసారి చూసినప్పుడు పెరిగితే ఇక చూడటం ఆపేసి, కొత్త డిస్క్ చేతికి వచ్చేదాకా సర్వర్ ఆఫ్‌లోనే ఉంచండి.