గ్రీకు దీవుల ఓడ ప్రయాణం: వీసా ఉన్నా పత్రాలు ఎందుకు చెల్లలేదు?

గ్రీకు దీవులు చుట్టే ఓడ ప్రయాణం బుక్ చేసుకుంటే, పత్రాలు చెల్లవని ఓడ సంస్థ ఎందుకు అన్నదని అడిగారు. షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) చేతిలో ఉన్నా ఓడ సంస్థ మీ పత్రాలను తిప్పి పంపడానికి కారణం, బహుశా మీది ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా కావడం. ఏథెన్స్ రేవైన పిరయస్‌లో ఎక్కి, మికొనోస్, కుశాదసి, శాంతోరిని చూసి మళ్లీ పిరయస్‌లో దిగే మీ మార్గంలో కుశాదసి టర్కీలోనిది. ఆ దేశం షెంగెన్‌లో లేదు కనుక, అక్కడికి వెళ్లి ఓడలో తిరిగి గ్రీసుకు వస్తే మీరు రెండో ప్రవేశం చేసినట్లే. సాగర్‌లో లాంచీ ఎక్కి శ్రీశైలం వెళ్లివచ్చినంత తేలిక కాదిది.

1. వీసా స్టిక్కరుపై ప్రవేశాల సంఖ్య గడిని చూడండి. అందరూ తేదీలు చూసి పాస్‌పోర్టు మూసేస్తారు. అక్కడ ‘01’ ఉంటే ఒక్కసారే, ‘02’ ఉంటే రెండుసార్లు, ‘మల్ట్’ (MULT) అని ఉంటే గడువులోపు ఎన్నిసార్లయినా ప్రవేశించవచ్చు.

2. ‘01’ ఉంటే, నల్లగొండ నుంచి హైదరాబాదుకు మరో ప్రయాణం తప్పదు. కొత్త దరఖాస్తులో ఒకటికి మించిన ప్రవేశాలు కోరి, రేవుల పేర్లు, తేదీలు ఉన్న ఓడ బుకింగ్ కాగితాన్ని జతచేయండి. టర్కీ వీసా అవసరమా అన్నది ఓడ సంస్థను అడిగి తెలుసుకోండి.

3. వ్యవధి లేకపోతే మికొనోస్, శాంతోరిని, రోడ్స్, క్రీటు వంటి గ్రీసు రేవులకే పరిమితమైన మార్గానికి మారండి. కుశాదసి దగ్గరి ప్రాచీన నగరం ఎఫెసస్ శిథిలాలు మాత్రం తప్పిపోతాయి. అయినా నేనైతే ఇలా మార్గం మార్చుకునే దారినే ఎంచుకుంటాను.