పెళ్ళయింది, భార్య ఇంకా ఇండియాలోనే ఉంది: అమెరికా టాక్స్ రిటర్న్‌లో సింగిల్ అని వెయ్యొచ్చా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది: నాలుగేళ్ళుగా హెచ్-1బి మీద అమెరికాలో ఉన్నారు. 2025 నవంబర్‌లో విజయవాడలో పెళ్ళయింది. మీ ఆవిడకి హెచ్-4 ఇంటర్వ్యూ ఇంకా కాలేదు, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు, ఐటిన్ (అది రానివాళ్ళకి పన్ను కోసం ఇచ్చే నంబర్) లేదు. ఉద్యోగం చెయ్యట్లేదు, పేరు మీద కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి. మీ జీతం లక్షా పది వేల డాలర్లు. "ఈ ఒక్క ఏడాదికీ సింగిల్ అని ఫైల్ చేసేస్తే పోలా?" అని రూమ్మేట్ అంటున్నాడు.

వెయ్యకండి. నేను వేశాను కాబట్టే చెబుతున్నాను.

మా పెళ్ళి 2021 డిసెంబర్ రెండో వారంలో జరిగింది. ధనుర్మాసం వచ్చేస్తే మళ్ళీ మాఘం దాకా ముహూర్తాలు ఉండవని పంతులుగారు మార్గశిరంలోనే కానిచ్చేశారు. సెలవు అయిపోగానే నేను డాలస్ వచ్చేశాను, మా ఆవిడ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయింది. ఆ ఏడాది నేను పెళ్ళయినవాడిగా ఉన్నది మూడు వారాలు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్క అది కాదు. డిసెంబర్ 31 నాటికి పెళ్ళయి ఉందా లేదా, అంతే. ఉంటే ఏడాదంతా పెళ్ళయినట్టే. అదే ముహూర్తం మాఘంలో పడి ఉంటే 2021కి నేను దర్జాగా సింగిలే. పంతులుగారు తిథి, నక్షత్రం చూస్తారు గానీ డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితం) చూడరుగా.

అప్పట్లో ఒక టాక్స్ ప్రిపేరర్ దగ్గరికి వెళ్ళాను. "వైఫ్ ఇక్కడ లేదు, ఎస్‌ఎస్‌ఎన్ లేదు, సింగిల్ వేసేద్దాం, ఎవరూ చూడరు" అన్నాడు. నేనూ రిఫండ్ అంకె చూసుకుని సంతకం పెట్టేశాను. మే నెలలో వీసా ఇంటర్వ్యూకి మా ఆవిడ ఫైల్ సర్దుతోంది, నేను వీడియో కాల్‌లో ఉన్నాను. మ్యారేజ్ సర్టిఫికెట్ మీద డిసెంబర్ తేదీ. దాని కింద పెట్టిన నా 1040 (టాక్స్ రిటర్న్ ఫారం) మీద సింగిల్ దగ్గర గుర్తు. ఆవిడ రెండు కాగితాలూ కెమెరా ముందు పట్టుకుని, "ఏంటిది, నీకింకా పెళ్ళి కాలేదా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ఆ వారమంతా నిద్ర లేదు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ రెండే ప్రశ్నలు అడిగి పంపేశాడట, ఫైల్ తెరవనే లేదట. అలాగని మీరు కూడా ఆ టెన్షన్ కొని తెచ్చుకోవడం దేనికి?

ఇక మీకు నిజంగా ఉన్న దారులు రెండే. ఒకటి మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ. అంటే పెళ్ళయిందని చెప్పి, మీ ఆదాయం వరకు మీరు ఫైల్ చెయ్యడం. మీ ఆవిడకి అమెరికాలో ఆదాయం లేదు కాబట్టి ఆవిడ ఏమీ ఫైల్ చెయ్యక్కర్లేదు, ఐటిన్ కూడా అక్కర్లేదు. రిటర్న్‌లో ఆవిడ నంబర్ రాయాల్సిన చోట ఎన్‌ఆర్‌ఏ (నాన్ రెసిడెంట్ ఏలియన్, అంటే పన్ను లెక్కలో అమెరికా నివాసి కాని విదేశీయులు) అని రాస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దీన్ని ఈ-ఫైల్‌లో తీసుకోవు, అలాంటప్పుడు ప్రింట్ తీసి పోస్టులో పంపడమే.

రెండోది జాయింట్. మామూలుగా భార్యాభర్తల్లో ఒకరు నాన్ రెసిడెంట్ అయితే జాయింట్ కుదరదు. కానీ పన్ను చట్టం 6013(జి) సెక్షన్ కింద "మా ఆవిడని కూడా ఏడాదంతా అమెరికా రెసిడెంట్‌గానే లెక్కేసుకోండి" అని ఇద్దరూ సంతకాలు పెట్టి ఒక కాగితం జత చేస్తే కుదురుతుంది. దీన్ని ఎలక్షన్ అంటారు, ఓట్లతో సంబంధం లేదు. ఒక్క షరతు: ఇద్దరిలో ఒకరైనా డిసెంబర్ 31 నాటికి అమెరికా సిటిజనో, రెసిడెంటో అయి ఉండాలి. నాలుగేళ్ళుగా హెచ్-1బి మీద ఇక్కడే ఉన్నారు కాబట్టి పన్ను లెక్కలో మీరు రెసిడెంటే. ఇది చదువుతున్న వాళ్ళలో ఇంకా ఎఫ్-1 మీద ఐదేళ్ళు నిండనివాళ్ళుంటే, భార్యాభర్తలిద్దరూ నాన్ రెసిడెంట్లే అయితే, ఈ దారి మీకు లేదు.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని మూడోదొకటి మీ ఫ్రెండ్స్ ఎవరో చెప్పే ఉంటారు. నాన్ రెసిడెంట్ భార్య ఉన్నవాళ్ళకి అది దొరుకుతుందన్న మాట నిజమే. కాకపోతే మీ మీద ఆధారపడ్డ పిల్లలో, పెద్దవాళ్ళో ఉండాలి, ఆ లెక్కలోకి భార్య రాదు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల్ని చూపిద్దామంటే, వాళ్ళు అమెరికా సిటిజన్లో రెసిడెంట్లో, కాదంటే కెనడా, మెక్సికోల్లో ఉండేవాళ్ళో అయి ఉండాలి. గుంటూరు ఆ జాబితాలో లేదు.

మీ అంకెలే వేసి చూద్దాం. 2025కి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయం నుంచి తీసేసే మొత్తం) సెపరేట్ అయితే 15,750 డాలర్లు, జాయింట్ అయితే 31,500. లక్షా పది వేల మీద సెపరేట్‌గా ఫైల్ చేస్తే ఫెడరల్ పన్ను సుమారు 15,650 పడుతుంది. ఇండియా ఆదాయం ఏమీ లేదనుకుని జాయింట్ వేస్తే సుమారు 8,940. తేడా 6,700 డాలర్లు. ఈ అంకె చూడగానే ఎవరైనా జాయింట్ అనే అంటారు. నేనూ అన్నాను.

అయితే ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణం నుంచి మీ ఆవిడ ఇండియా ఆదాయం మొత్తం, ఏడాది పొడుగునా, మీ అమెరికా రిటర్న్‌లోకి వస్తుంది. ఆవిడ అమెరికా గడ్డ మీద కాలు పెట్టకపోయినా సరే. మావాళ్ళతో అసలు తంటా ఇక్కడే వచ్చింది.

ఆ సింగిల్ రిటర్న్‌ని జాయింట్‌గా సరిదిద్దుదామని నేను మా మామగారికి ఫోన్ చేసి, "మావయ్యా, తన పేరు మీద ఏమేం ఉన్నాయో ఒకసారి చెప్తారా" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "ఎందుకు బాబూ?" అన్నారు, చాలా మర్యాదగా. పెళ్ళయి ఆరు నెలలు కాకుండానే అల్లుడు ఆస్తుల చిట్టా అడుగుతున్నాడని ఆయనకి అనిపించిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది. టాక్సని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి మా ఆవిడే వాళ్ళమ్మతో మాట్లాడి రాబట్టింది: చిన్నప్పటి నుంచీ ఆవిడ పేరు మీద వేసుకుంటూ వచ్చిన నాలుగు ఎఫ్‌డీలు, ఒక పీపీఎఫ్, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కడుతున్న రెండు మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పొలం. ఆ పొలానికి ఏటా కౌలు వస్తుంది, మామగారే తీసుకుని ఆవిడ అకౌంట్లో వేస్తారు.

ఎఫ్‌డీ వడ్డీతో పెద్ద బాధ లేదు. మీ ఆవిడకి ఏడాదికి రెండు లక్షల రూపాయల వడ్డీ వస్తోందనుకోండి, సుమారు 2,300 డాలర్లు. జాయింట్‌లో 12 శాతం శ్లాబులో దాని మీద పడేది 276 డాలర్లు. ఇండియాలో కట్టిన పన్ను ఏమైనా ఉంటే ఫారం 1116తో క్రెడిట్ తీసుకుని అదీ తగ్గించుకోవచ్చు. 6,700 ముందు ఇదెంత? మా ఆవిడ జీతం కూడా అలాగే సర్దుకుంది. ఏడాదంతా ఇండియాలోనే పనిచేసింది కాబట్టి విదేశీ సంపాదన మినహాయింపుకి పెట్టే ఫారం 2555తో దాన్ని మినహాయించుకున్నాం.

ఇండియాలో పన్ను లేనివాటినే మనం లెక్కలో మర్చిపోతాం. పీపీఎఫ్ వడ్డీకి అక్కడ పన్ను లేదు, ఇక్కడ ఉంది. కౌలు వ్యవసాయ ఆదాయం కింద అక్కడ మినహాయింపు, ఇక్కడ అది మామూలు అద్దె ఆదాయమే. అక్కడ పన్నే కట్టలేదు కాబట్టి క్రెడిట్ కూడా ఉండదు. పొలానికి వచ్చే కౌలు డాలస్‌లో కూర్చుని డాలర్లలోకి మారుస్తుంటే నాకే నవ్వొచ్చింది.

మ్యూచువల్ ఫండ్స్ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. ఇండియా ఫండ్లని అమెరికా పన్ను చట్టం పీఎఫ్ఐసీ (అమెరికా బయటి పెట్టుబడి కంపెనీ) అనే బాపతు కింద చూస్తుంది. ఒక్కో ఫండ్‌కి ఒక్కో ఫారం 8621. మామూలు పద్ధతిలో అయితే అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని ఉంచుకున్న ఏళ్ళన్నిటికీ పంచి, పాత ఏళ్ళ వాటా మీద అత్యధిక శ్లాబు పన్ను వేసి, పైన వడ్డీ కలుపుతారు. జాయింట్‌లో ఏడాది చివరికి ఇవన్నీ కలిపి 50,000 డాలర్ల లోపుంటే, ఆ ఏడాది ఏదీ అమ్మకుండా, డివిడెండ్ రాకుండా ఉంటే, సాధారణంగా ఆ ఫారం అక్కర్లేదు. మా ఆవిడ 2022 మేలో ప్రయాణానికి ముందు రెండు ఫండ్లూ అమ్మేసింది, ఆ ఏడాదీ మేం జాయింటే. లాభం చిన్నదే, పన్ను కన్నా ఆ రెండు ఫారాలకి సీపీఏ (అకౌంటెంట్) తీసుకున్న ఫీజే ఎక్కువ.

అందుకే మీ ఆవిడకి ఎఫ్‌డీలు తప్ప ఏమీ లేవా అని ఒకటికి రెండుసార్లు అడగండి. ఫండ్స్ పెద్ద మొత్తంలో ఉంటే తొందరపడి ఎలక్షన్ వెయ్యకండి. ఆవిడ నాన్ రెసిడెంట్‌గా ఉండగా, ఎలక్షన్ లేకుండా అమ్మితే ఆ లాభంతో అమెరికాకి పని లేదు. ఒకసారి ఎలక్షన్ వేస్తే అది ఆ ఏడాదితో ఆగదు, వద్దని రాసిచ్చేదాకా తర్వాతి ఏళ్ళకీ నడుస్తుంది. వద్దని రాసిస్తే మీ ఇద్దరికీ మళ్ళీ జన్మలో ఆ అవకాశం రాదు.

నేనైతే మీ స్థానంలో ఏప్రిల్ 15 లోపు సెపరేట్‌గా ఫైల్ చేసేసి ఊరుకుంటాను. సెపరేట్ నుంచి జాయింట్‌కి మామూలుగా మూడేళ్ళ లోపు 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్‌తో మారొచ్చు, ఎలక్షన్ కాగితం కూడా అప్పుడే పెట్టొచ్చు. జాయింట్ వేసి గడువు దాటాక సెపరేట్‌కి రావడం మాత్రం కుదరదు. ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోవచ్చు గానీ, అది కాగితాలకే, కట్టాల్సింది ఏమైనా ఉంటే ఏప్రిల్ 15కే కట్టాలి.

ఆగమనడానికి ఇంకో కారణం పాస్‌పోర్టు. జాయింట్‌కి ఆవిడకి ఐటిన్ కావాలి, అంటే డబ్ల్యూ-7 ఫారాన్ని రిటర్న్‌తో కలిపి టెక్సస్‌లో ఆస్టిన్‌లోని ఐటిన్ విభాగానికి పంపాలి. దాంతోపాటు ఒరిజినల్ పాస్‌పోర్టు గానీ, ఇచ్చిన ఆఫీసు ధృవీకరించిన కాపీ గానీ పెట్టాలి. నోటరీ కాపీ చెల్లదు. స్టాంపింగ్ కోసం ఎదురుచూస్తున్న మనిషి పాస్‌పోర్టు సముద్రాలు దాటించి పంపుతామా? మా ఆవిడ జూలైలో వచ్చాక ఇర్వింగ్‌లో ఒక సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన పాస్‌పోర్టు అక్కడికక్కడే చూసి, ధృవీకరించి, తిరిగిచ్చేశాడు. ఆ డబ్ల్యూ-7నీ, సింగిల్‌ని జాయింట్‌గా సరిదిద్దిన 1040-ఎక్స్‌నీ కలిపి పంపాం.

అందులోనూ ఒక తప్పు చేశాం. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటి పేరు ఉంది. నేను అత్యుత్సాహంతో డబ్ల్యూ-7లో నా ఇంటి పేరు రాశాను. కొన్ని వారాలకి సీపీ566 నోటీసు వచ్చింది, వివరాలు సరిపోలేదని. మళ్ళీ పంపి, మళ్ళీ ఎదురుచూసి, ఐటిన్ చేతికొచ్చేసరికి దీపావళి దాటింది. ఐదు వేల చిల్లర డాలర్ల రిఫండ్ ఇంకా తర్వాత. మీరు పాస్‌పోర్టులో ఏ అక్షరం ఎలా ఉంటే అలాగే దించండి.

ఇప్పటి నుంచే చెయ్యగలిగిన పని ఒకటుంది. మీ ఆవిడని ఇండియా ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ (వార్షిక సమాచార పత్రం) డౌన్‌లోడ్ చెయ్యమనండి. ఏ బ్యాంకులో ఎంత వడ్డీ వచ్చింది, ఏ ఫండ్ అమ్మారు, చాలావరకు అందులో ఉంటాయి, మీరు మామగారిని అడగక్కర్లేదు. కాకపోతే అది ఏప్రిల్ నుంచి మార్చి లెక్క, మనకి కావాల్సింది జనవరి నుంచి డిసెంబర్. కాబట్టి 2025 జనవరి నుంచి మార్చి వరకు పాత ఏఐఎస్‌లో, మిగతా తొమ్మిది నెలలు కొత్తదాంట్లో చూడాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ జనవరి 1 నుంచి డిసెంబర్ 31కి విడిగా తీసిపెట్టుకుంటే ఇంకా సులువు. కౌలు లాంటిది ఏమైనా ఉంటే మాత్రం ఏఐఎస్‌లో ఉండదు, అది అత్తగారినే అడగాలి.