ఇయర్‌బుక్ వేయించేటప్పుడు ప్రెస్ వాళ్ళు అడిగే ఫారం, సెంటర్ పిన్, బ్లీడ్ అంటే ఏమిటి?

ప్రశ్న: మా స్కూల్లో పదో తరగతి పిల్లలకు ఇయర్‌బుక్ వేయించాలి. ఏ4 సైజు, 500 కాపీలు. ప్రెస్‌కు వెళ్తే “ఎన్ని ఫారాలు? సెంటర్ పిన్నా, పర్‌ఫెక్ట్ బైండింగా? బ్లీడ్ ఇచ్చారా?” అని అడిగారు. వీటి అర్థం చెప్పగలరా?

జవాబు: ముందు ఫారం లెక్క తేల్చుకోండి, ఖర్చంతా దాని మీదే ఆధారపడుతుంది. పెద్ద షీటు ఒకదాని మీద రెండు వైపులా కలిపి పడే పేజీల కట్టే ఫారం. 25×36 అంగుళాల షీటులో ఏ4 పేజీలు వైపుకు 8, అంటే ఫారానికి 16 పేజీలు. రంగుకు ఒక ప్లేటు (ఆ రంగును అచ్చు వేసే రేకు) చొప్పున, నాలుగు రంగులకు ముందు వైపు 4 ప్లేట్లు, వెనక వైపు 4. 64 పేజీలు సరిగ్గా నాలుగు ఫారాలు. చివర్లో హెడ్ మాస్టారు “ఇంకో నాలుగు పేజీలు కలుపుదాం” అంటే ఆ నాలుగు పేజీల కోసం మళ్ళీ ప్లేట్లు, మళ్ళీ మెషిన్ సెట్టింగ్. కలిపితే 8 గానీ 16 గానీ కలపండి, లేదంటే ఉన్నవాటిలోనే సర్దండి.

కాగితం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. కాపీకి 4 షీట్లు, 500 కాపీలకు 2000. 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు 130 గ్రాములు తూగే) ఆర్ట్ పేపర్, అంటే నున్నటి పూత కాగితం అయితే ఆ సైజు షీటు దాదాపు 75 గ్రాములు తూగుతుంది, మొత్తం 150 కిలోల చిల్లర. వేస్టేజ్ అదనం. కొటేషన్‌లో కాగితం బరువు దీనికి బాగా తేడాగా ఉంటే ఎందుకో అడగండి. కవర్ వేరే లెక్క: 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన లామినేషన్, మడత దగ్గర క్రీజింగ్ (మడవబోయే చోట ముందే నొక్కే గాడి). క్రీజింగ్ లేకపోతే మడత మీద ఇంకు పగులుతుంది. పిల్లలు సంతకాలు పెట్టుకునే పేజీలకు మాత్రం ఆర్ట్ పేపర్ వద్దు, ఆ నునుపు మీద పెన్ను ఇంకు ఆరక చేతికంటుతుంది. ఓ 8 పేజీలు మాప్‌లిథో (పూత లేని మామూలు కాగితం) మీద వేయించి మధ్యలో పెట్టించండి.

సెంటర్ పిన్ అంటే షీట్లు ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్య మడత మీద పిన్నులు కొట్టడం. పేజీల సంఖ్య 4తో భాగించబడాలి. పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, ఖర్చు తక్కువ. 64 పేజీలంటే 16 మడతలు, లోపలి మడత ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా బయటికి పొడుచుకొస్తుంది. కటింగ్‌లో అది పోతుంది కాబట్టి పేజీ నంబర్లను అంచు నుంచి కనీసం 10 మి.మీ. లోపలికి ఉంచండి. పర్‌ఫెక్ట్ బైండింగ్‌లో వీపు భాగాన్ని గరుకు చేసి జిగురుతో కవర్ అతికిస్తారు. వీపు మీద స్కూలు పేరు వేసుకోవచ్చు, కానీ ఆర్ట్ పేపర్‌కు జిగురు సరిగా పట్టక పేజీలు ఊడొచ్చు. 64 పేజీల పుస్తకానికైతే నా ఓటు సెంటర్ పిన్‌కే.

ఎదురెదురు పేజీలు కలిసే లోపలి అంచు గట్టర్. గ్రూప్ ఫొటోను రెండు పేజీల మీద పరిస్తే మధ్యలో నిలబడ్డ పిల్ల ముఖం మడతలోకి పోతుంది. పైగా సెంటర్ పిన్ పుస్తకంలో నడిమి పేజీలు (64లో 32, 33) మాత్రమే ఒకే కాగితం మీద ఉంటాయి. మిగతా చోట్ల రెండు సగాలూ వేర్వేరు మడతల మీద పడతాయి, గీతలు ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుతాయి, రంగు కూడా తేడా రావచ్చు.

అంచు దాకా రంగో ఫొటోనో ఉంటే దాన్ని అన్ని వైపులా 3 మి.మీ. బయటికి పొడిగించడం బ్లీడ్. లేకపోతే కత్తి కాస్త పక్కకు జరిగినా తెల్ల గీత కనిపిస్తుంది. బ్లీడ్‌తో కలిపి ఏ4 పేజీ 216×303 మి.మీ. దాని నిండా ఒకే ఫొటో 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) కావాలంటే 2551×3579 పిక్సెళ్ళు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది. పొడవు 1600 పిక్సెళ్ళే ఉంటే అయిదు అంగుళాల పైచిలుకు దాకానే పనికొస్తుంది. ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపమనండి.

తెలుగు మేటర్ దగ్గరే గొడవలెక్కువ. అనూ ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) కంపోజ్ చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మార్చితే వత్తులు చెడిపోయే అవకాశం ఉంది, మళ్ళీ చదివి తీరాలి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ వాడితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి, లేకుంటే “స్త్రీ” లాంటివి విడివిడిగా చీలిపోతాయి. 12 పాయింట్ల అక్షరానికి లైన్ స్పేసింగ్ 17 దాకా ఇవ్వండి, పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడకుండా. ప్రెస్‌కు ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే పొదిగిన) పీడీఎఫ్ ఇవ్వండి. పేజీలు విడివిడిగా, వరస క్రమంలో ఉంటే చాలు. షీటు మీద ఏ పేజీ ఎక్కడ రావాలో అమర్చుకోవడం వాళ్ళ పని.

ప్లేట్లకు ముందు ఒక డమ్మీ అడగండి: డిజిటల్ ప్రింట్ తీసి, మడిచి, పిన్ను కొట్టిన కాపీ. పేర్లను హాజరు పట్టీతో సరిచూసి ప్రతి పేజీ మీదా క్లాస్ టీచర్ సంతకం తీసుకోండి. పేర్లన్నీ నలుపు 100 శాతంలోనే ఉండాలి, నాలుగు రంగుల మిశ్రమంలో కాదు. సన్నటి అక్షరాలకు నాలుగు ప్లేట్లు కాస్త అటూ ఇటూ అయినా అంచుల్లో రంగు నీడ కనిపిస్తుంది. అంతేకాక, ప్లేట్లు తీశాక ఓ పేరులో తప్పు దొరికితే నల్ల ప్లేటు ఒక్కటే మారిస్తే సరిపోతుంది. రంగు పట్టీ మీద తెల్ల అక్షరాలుగా పేర్లు వేసి ఉంటే ఆ పట్టీలో ఉన్న ప్రతి రంగుకూ కొత్త ప్లేటు తీయాల్సిందే.