డ్రగ్ టెస్ట్ స్ట్రిప్‌లో పాజిటివ్ వచ్చిందా? ఆ శాంపిల్ పారేయనివ్వకండి

జలుబు మాత్ర తప్ప ఏమీ వేసుకోని మీ తమ్ముడికి పిల్లల కస్టడీ కేసు మూత్ర పరీక్షలో ఆంఫెటమైన్ (ఒక రకం డ్రగ్) పాజిటివ్ వచ్చిందంటే, నా అనుమానం ఆ మాత్ర మీదే. అందులో సూడోఎఫెడ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించే మందు) ఉంటే స్ట్రిప్ దాన్నే ఆంఫెటమైన్ అని పొరబడొచ్చు.

1. మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. అట్ట, మందుల షాపు బిల్లు దాచండి.

2. అందరూ వదిలేసేది ఇదే. స్ట్రిప్ ప్రాథమిక పరీక్ష మాత్రమే. అదే శాంపిల్‌ని జీసీ-ఎంఎస్ (ఏ పదార్థమో కచ్చితంగా తేల్చే ల్యాబ్ పరీక్ష) పద్ధతిలో మళ్లీ పరీక్షించాలని లాయరు గారితో బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో అర్జీ వేయించండి. శాంపిల్ భద్రపరచమని ల్యాబ్‌కి ఈరోజే రాసివ్వండి. టెన్షన్‌లో బయట కొత్త టెస్టు చేయించి లాభం లేదు. ఆంఫెటమైన్ సాధారణంగా కొద్ది రోజుల్లోనే మూత్రంలో కనపడకుండా పోతుంది కదా, నెగటివ్ వచ్చినా అవతలి లాయరు ఒప్పుకోడు.

3. ఇకపై శాంపిల్ ఇచ్చేముందే వాడే మందులన్నీ ఫారంలో రాయించండి, దగ్గు సిరప్‌తో సహా.