గేటుకి కొట్టిన రెడాక్సైడ్ చేతులకి అంటుకుంటే?

ప్రశ్న: పండక్కి గేటుకి నేనే రెడాక్సైడ్ (ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు) కొట్టానండి, మోచేతులదాకా ఎర్రగా అయిపోయింది. తిన్నర్‌తో కడిగితే ఒకటే మంట, గోళ్ల సందుల్లో ఇంకా అలాగే ఉంది. పెట్రోల్ వాడొచ్చా?

జవాబు: పెట్రోల్ జోలికి అస్సలు పోకండి బాబూ! తిన్నర్ అయినా పెట్రోల్ అయినా చర్మంలో ఉండే నూనెని లాగేస్తాయి, అందుకే ఆ మంట, పైగా నిప్పు భయం ఒకటి. రెడాక్సైడ్, ఎనామిల్ రెండూ ఆయిల్ పెయింట్ రకాలే కాబట్టి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. బాగా పట్టించి ఓ పది నిమిషాలు ఆగి, స్పూన్ పంచదార వేసి మెల్లగా రుద్దితే ఎర్రటి ముద్దలా ఊడొస్తుంది, పాతగుడ్డతో తుడిచేసి గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడుక్కోండి. మంట ఉన్నచోట మాత్రం పంచదార వద్దు, నూనె ఒక్కటే. గోళ్లకి నూనె రాసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి, బ్లేడుతో గీకడం లాంటివి వద్దు. ఒక్కసారికే మొత్తం పోదు, మిగిలిన మరక రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. గోడలకేసే ఎమల్షన్‌కైతే ఇంత తంటా లేదు, ఆరకముందే సబ్బునీళ్లకి పోతుంది. కంట్లో పడితే మాత్రం నూనె గీనె పెట్టకుండా 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. ఈసారి బ్రష్ పట్టుకునేముందే చేతులకి వ్యాజిలిన్ రాసుకోండి, గ్లౌజులుంటే ఇంకా మంచిది.