డిఫరెన్షియల్ దింపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బండి కదిలేటప్పుడు కింద టక్కుమంటోందనీ, 60 కిలోమీటర్ల వేగం దాటితే వెనక నుంచి ఊళలాంటి శబ్దం వస్తోందనీ, నాలుగు చక్రాలకీ ఊపునిచ్చే ఫోర్ వీల్ లివరు ఒక్కోసారి వెనక్కి రానంటోందనీ రాశావు. షాఫ్ట్ డిఫరెన్షియల్‌కి తగిలే చోట ఆయిల్ కారకుండా ఆపే పినియన్ సీలు మార్చిన నెలకే మళ్ళీ కారుతోందని కూడా రాశావు. అందుకని వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా) దింపి అందులోని క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మార్చేద్దామా అని అడిగావు. ఇప్పుడే దింపకు. ఈ నాలుగింటికీ ఒకే కారణం ఉండాలని లేదు. వీటిలో కనీసం మూడింటి సంగతి డిఫరెన్షియల్ మూత తియ్యకుండానే తేలుతుంది. పైగా క్రౌన్, పినియన్ సెట్టింగు ఒకసారి చెదిరిందంటే దాన్ని మళ్ళీ కుదర్చడం చిన్న పని కాదు.

ముందు శబ్దం దేని వెంట నడుస్తోందో పట్టుకో. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజను రేజ్ చెయ్యి. అప్పుడే శబ్దం వస్తే అది గేర్‌బాక్సు అవుట్‌పుట్‌కి ముందున్న భాగాలది. క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగ్‌ని అనుమానించు, తొక్కినప్పుడు మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగ్‌ని. నిలబడ్డప్పుడు ఏమీ లేకపోతే రోడ్డు మీదకి తీసుకెళ్ళి, అదే 60లో ఒకసారి నాలుగో గేరులో, ఒకసారి ఐదో గేరులో నడుపు. ఇంజను వేగం మారినా శబ్దం మారలేదంటే ఇంజనునీ క్లచ్‌నీ వదిలెయ్యొచ్చు.

ఆ తర్వాత లోడు మార్చి విను. అదే వేగంలో యాక్సిలరేటర్ నొక్కు, వదులు, సమంగా పట్టు. డిఫరెన్షియల్ పళ్ళ ఊళ లోడుతో మారుతుంది, ఒక పద్ధతిలో గట్టిగా, ఇంకో పద్ధతిలో మెల్లగా వినిపిస్తుంది. వదిలినప్పుడే గట్టిగా వస్తే పినియన్ బేరింగుల బిగువు తగ్గిందేమో చూడాలి. టైర్ల రొద లోడుతో మారదు, రోడ్డు మారితే మారుతుంది. పెద్ద గడుల మడ్ టైర్లు సగం అరిగాక చేసే చప్పుడు అచ్చం డిఫరెన్షియల్ చప్పుడులాగే ఉంటుంది కాబట్టి, కుదిరితే వేరే టైర్లు వేసి ఒకసారి నడిపి చూడు. వీల్ బేరింగైతే స్టీరింగుతో దొరుకుతుంది. ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. శబ్దం అప్పుడు పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమకి తిప్పినప్పుడు పెరిగితే కుడి బేరింగ్. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే, ఇంకొకరిని బ్రేకు తొక్కమను. ఆట మాయమైతే తప్పు బేరింగ్‌ది. ముందు చక్రం బ్రేకు తొక్కినా ఆడుతోందంటే చక్రం తిరిగే కీళ్ళయిన కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్ దగ్గర చూడు.

ఇక టక్కుమనే శబ్దం. దీనికి నూటికి తొంభై మంది డిఫరెన్షియల్‌ని తిడతారు గాని, నేనైతే ముందు ఇరుసుకి ఊపు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్ల క్రాసుల్నే (కీలులాంటి జాయింట్లనే) చూస్తాను. బండి చదును నేల మీద పెట్టి, నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో వెయ్యి. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు ఊపుని ముందు, వెనక షాఫ్ట్‌లకి పంచే పెట్టె) వెనక షాఫ్ట్ మీద పనిచేస్తుంది. అలాంటి బండిలో షాఫ్ట్ విప్పితే హ్యాండ్ బ్రేకు లేనట్టే. అందుకే దిమ్మలు లేకుండా బండి కిందకి దూరకు.

కిందకి వెళ్ళాక షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పు, పైకీ కిందకీ ఎత్తు. క్రాసుకి రెండు వైపులా దాన్ని పట్టుకుని ఉన్న యోకులు (రెండు చెవుల ముక్కలు) ఒకదానికొకటి వెంట్రుకవాసి కూడా విడిగా కదలకూడదు. క్రాసు కొసలకి తొడిగిన బేరింగ్ కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు ఎండిపోయాయని అర్థం, ఆట తగలకపోయినా ఆ క్రాసు మార్చాల్సిందే. షాఫ్ట్ పొడవు పెరిగేలా తగ్గేలా ఒకదాన్లో ఒకటి జారే స్లిప్ జాయింట్ గాడుల్లో తిప్పినప్పుడు కొద్దిపాటి ఆట ఉండొచ్చు, నిలువుగా ఊగకూడదు. అది ఎండిపోయినా, బండి ఆగీ ఆగగానే లేదా కదిలీ కదలగానే ఒక్క టక్కు వినిపిస్తుంది. శుభ్రం చేసి గ్రీజు పట్టిస్తే పోతుంది. చివరికి పినియన్ ఫ్లాంజ్‌ని (పినియన్‌కి షాఫ్ట్ బిగించే ముక్కని) పట్టుకో. తిప్పినప్పుడు కొన్ని మిల్లీమీటర్లు ఖాళీగా తిరగడం మామూలే, పళ్ళ మధ్య సందు, సైడ్ గేర్ల ఆట, యాక్సిల్ షాఫ్ట్ గాడుల ఆట అన్నీ అక్కడ కలిసి కనిపిస్తాయి. కానీ ఫ్లాంజ్ పైకీ కిందకీ, లోపలికీ బయటికీ అస్సలు కదలకూడదు. కదిలితే పినియన్ బేరింగ్ పోయినట్టే, అప్పుడు నీ మాటే నిజమై డిఫరెన్షియల్ దింపాలి. గేర్‌బాక్సు మౌంటు రబ్బర్లు చిరిగినా, కమాన్ కట్టల యూ బోల్టులు వదులైనా అదే టక్కు వస్తుంది. వాటినీ పానాతో ఒకసారి చూసెయ్.

క్రాసు మార్చేటప్పుడు పొరపాట్లు రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, గుర్తులు పెట్టకుండా విప్పడం. ఫ్లాంజులకీ యోకులకీ, స్లిప్ జాయింట్ రెండు ముక్కలకీ రంగుతో గానీ పంచ్‌తో గానీ గుర్తు పెట్టాకే విప్పు. స్లిప్ జాయింట్ ఒక్క పన్ను తప్పించి బిగిస్తే షాఫ్ట్ రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండవు, కొత్త క్రాసు వేసినా బండి వణుకుతుంది. రెండోది, కప్పు లోపల సూది పడిపోవడం. బెంచి వైసులో కప్పు నొక్కేటప్పుడు ఒక్క సూది అడ్డంగా పడినా కప్పు చివరిదాకా దిగదు, కప్పుని పట్టి ఉంచే సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. అప్పుడు సుత్తితో బలవంతం చెయ్యకు. కప్పు వెనక్కి తీసి సూదుల్ని గ్రీజుతో గోడకి నిలబెట్టి మళ్ళీ మొదలుపెట్టు. బిగించాక క్రాసు గట్టిగా పట్టేసినట్టుంటే యోకు చెవుల్ని ఇత్తడి సుత్తితో మెల్లగా ఒకటి రెండు తట్టు, కప్పులు సర్‌క్లిప్పుల మీదకి సర్దుకుంటాయి. చేత్తో తిప్పితే సమంగా, ఎక్కడా గంట్లు తగలకుండా తిరగాలి. గ్రీజు గన్నుతో నాలుగు సీళ్ళ దగ్గరా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా పెట్టు. మూడు దగ్గర వచ్చి నాలుగో దగ్గర రాకపోతే ఆ కప్పు ఎండిపోతుంది. షాఫ్ట్‌ని అటూ ఇటూ ఊపుతూ మళ్ళీ కొట్టు.

నీ బండి ఎత్తు పెంచావు కాబట్టి షాఫ్ట్ కోణాలు కూడా కొలవాలి. ఒక్కో చివర ఒక్కో క్రాసు ఉన్న మామూలు షాఫ్ట్‌లో రెండు చివర్ల కోణాలూ దాదాపు సమానంగా, తేడా 1 డిగ్రీ లోపే ఉండాలి. ఒక్కో కోణం 3 డిగ్రీల లోపు ఉంటే క్రాసులు ఎక్కువ కాలం నిలుస్తాయి. పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు, సూదులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి. షాఫ్ట్ కోణాల వణుకు చక్రాల వణుకులా నిదానంగా ఉండదు. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.10 అయితే చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ నాలుగు చుట్లు దాటుతుంది కాబట్టి, సీటు కింద, ఫ్లోరు మీద సన్నటి జుమ్మనే అదురుగా తెలుస్తుంది.

సీలు సంగతికొస్తే, కారే సీలు చాలాసార్లు తప్పు చేసింది కాదు, దెబ్బ తిన్నది. ముందుగా, ఇరుసు మీదున్న బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) ఊడదీసి నోటితో ఊది చూడు. బురదతో మూసుకుపోయి ఉంటే, వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ని సీలు గుండా బయటికి నెడుతుంది. వేడి ఇరుసు చల్లటి వాగు నీళ్ళలోకి దిగినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. లోపలి గాలి ముడుచుకుని అదే సీలు గుండా నీళ్ళు లాక్కుంటుంది. బ్రీదర్‌కి ఒక గొట్టం తగిలించి ఇంజను గది పైభాగం దాకా తీసుకెళ్ళు. నీళ్ళలో దిగే ప్రతి బండికీ చవకైన బీమా అదే. బ్రీదర్ బాగుంటే, ఫ్లాంజ్ మీద సీలు పెదవి ఒరిసే చోట గోటితో రుద్ది చూడు. గాడి తగిలితే కొత్త సీలైనా కారుతుంది, ఫ్లాంజ్ మార్చాలి లేదా దానికి రిపేర్ స్లీవ్ వెయ్యాలి. ఆ ఫ్లాంజ్ తియ్యాలంటే పినియన్ నట్టు విప్పాలి, జాగ్రత్త అక్కడే. లోపల నట్టు బిగించేకొద్దీ నలిగే స్లీవ్ ఉన్న రకమైతే, విప్పే ముందు నట్టుకీ పినియన్‌కీ గుర్తు పెట్టు, బయటికి కనిపించే మరలు లెక్కపెట్టు, పినియన్ తిప్పడానికి ఎంత టార్క్ పడుతోందో కొలువు. మళ్ళీ అక్కడికే తీసుకొచ్చి, ఆ కొలత దాటి ఇసుమంత మాత్రమే బిగించు. ఎక్కువ బిగించి వెనక్కి వదిలావా, నలిగిన స్లీవ్ మళ్ళీ సాగదు, కొత్తది వెయ్యాలి.

లివరు రాకపోవడం బహుశా రిపేరే కాదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. నీ ట్రాన్స్‌ఫర్ కేస్ పార్ట్ టైం రకం, ఫోర్ వీల్‌లో ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ ఒకటిగా కట్టేస్తుంది. మట్టిలో అయితే చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. ఎండిన గట్టి రోడ్డు మీద జారదు, తేడా అంతా షాఫ్ట్‌లలో మెలికగా నిలిచిపోయి లివరుని పట్టేస్తుంది. బండిని తిన్నగా కొన్ని మీటర్లు రివర్సు చేస్తే వదులుతుంది. లివరుని లాగి లాగి లోపల గేరుని జరిపే ఫోర్కు వంచకు. రివర్సు చేసి వదిలించినా రోజూ పట్టేస్తుంటే నాలుగు టైర్ల చుట్టుకొలత టేపుతో కొలువు, గాలి సరిచూడు. ఇంతకుముందు ఎవరైనా ఒక ఇరుసు మార్చి ఉంటే ముందూ వెనకా నిష్పత్తి ఒకటేనా చూడాలి. ఇరుసు రెండు చక్రాలూ స్టాండ్ల మీద లేపి, రెంటినీ కలిపి ఒక చుట్టు తిప్పుతూ షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టు. లోడు పడ్డప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఢామ్మని ఎగిరినట్టు శబ్దం వస్తే, అది చెయిన్ రకమైతే, చెయిన్ సాగింది.

ఇవన్నీ అయ్యాక కూడా ఊళ మిగిలితే అప్పుడు డిఫరెన్షియల్. ఆయిల్ దించే ముందు నింపే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకో. అది పట్టేసి ఉంటే, ఆయిల్ దించేశాక బండి అక్కడే నిలిచిపోతుంది. కింది ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు. మెరిసే పెచ్చులు, పన్ను ముక్కలు ఉంటే ఉంది. ఆయిల్‌కి పాలలాంటి రంగు ఉంటే అందులో నీళ్ళు కలిశాయి. ఆయిల్‌లో పసుపు లోహపు మెరుపు ఉంటే అది గేర్ల వెనకుండే థ్రస్ట్ వాషర్ల అరుగుదల. వెనక మూత తెరుచుకునే రకమైతే డయల్ గేజ్ క్రౌన్ పన్ను మీద ఆనించి నాలుగు చోట్ల ఆట కొలువు. ఈ తరహా బండ్లలో చాలావాటికి 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, నీ మాన్యువల్ అంకె వేరుగా ఉంటే అదే ప్రమాణం. నాలుగు చోట్లా అంకెలు బాగా తేడా వస్తే క్రౌన్ వంకరగా కూర్చుంది. ఆ తర్వాత పళ్ళకి మార్కింగ్ రంగు పూసి, చక్రాలకి కొంచెం బ్రేకు పట్టించి తిప్పి, పడ్డ ముద్ర చూడు. ముద్ర పన్ను మొదట్లోకి దిగితే పినియన్ ఎక్కువ లోతుకి పోయింది, కొసకి ఎక్కితే లోతు చాలలేదు. పినియన్ లోతు షిమ్ములతో (పల్చటి రేకు రింగులతో) ముందు సరిచేసి, ఆట ఆ తర్వాతే సరిచెయ్యాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేన్ని మార్చిందో తెలియదు.

బేరింగ్ క్యాపులు ఎడమ, కుడి తారుమారు కాకూడదు, విప్పే ముందే గుర్తు కొట్టు. క్రౌన్ బోల్టులకి కొన్ని బండ్లలో ఎడమ మర ఉంటుంది, తల మీద గుర్తు చూడకుండా బలం పెట్టకు. కొత్తది వేస్తే క్రౌన్, పినియన్ రెండూ జతగానే. ఆయిల్ జీఎల్-5 రకం, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి ఊపు అందించే రకం) ఉంటే దానికి చెప్పిన ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే ద్రవం కలిపి. అదే జీఎల్-5 మాన్యువల్ గేర్‌బాక్సులో పోసేముందు మాన్యువల్ చూడు, కొన్ని రకాలు గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగుల ఇత్తడిని తింటాయి. కొత్త సెట్టుని మొదట పావుగంట, ఇరవై నిమిషాలు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వు. మొదటి 800 కిలోమీటర్లు ట్రైలరు లాగకు, ఆ దూరం అయ్యాక ఆయిల్ మార్చెయ్.

ఈ వారం క్రాసులు, బ్రీదర్, టైర్ల చుట్టుకొలతలు చూసి రాయి. డిఫరెన్షియల్ తెరవాల్సి వస్తే నాలుగు చోట్ల కొలిచిన అంకెలు, అయస్కాంతం ఫోటో, పళ్ళ ముద్రని రెండు వైపులా తీసిన ఫోటోలు పంపు. సెట్టు మార్చాలో బేరింగులతో సరిపోతుందో అవి చూశాక చెప్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి